నోరు తెరవని నీలి చేప

"ఈ చేపల తొట్టి ఎన్నో తారీఖున తెచ్చారు డాక్టరు గారూ?"

"రెండో తారీఖు. ఎన్నిసార్లు చెప్పాలమ్మా?"

"ఒక్కసారి చాలు. నేను రాసుకునేలోపు మారకపోతే."

ఆవిడ నోటుబుక్కులో రాసుకుంది. పోలీసు శాఖ రికార్డుల సెక్షన్లో ఇరవై ఆరేళ్ళు పనిచేసి, రాజీనామా ఇచ్చి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి. ఎవరేం చెప్పినా ముందు "ఎప్పుడు?" అని అడగడం ఆవిడ అలవాటు. అందుకే డిపార్టుమెంటులో అందరూ తారీఖులమ్మ అనేవారు. ఆ పేరు ఆవిడతో పాటే బయటికి వచ్చింది.

అది పళ్ళ డాక్టరు ఇంటి ముందు గది. ఇరవై ఆరో తారీఖు, మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలు. గోడవారగా చెక్క బల్ల మీద మూడడుగుల గాజు తొట్టి. అందులో రాళ్ళు, ఇసుక, ఐదు చేపలు. నాలుగు నీలం, ఒకటి పసుపు. తలుపు పక్కన కుర్చీలో ఒక ముప్ఫై ఏళ్ళ ఆడమనిషి కూర్చుని ఉంది. కూర్చోమంటే కూర్చుంది. మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తే పట్టుకుంది. తాగమని ఎవరూ అనలేదు గనక తాగలేదు.

ఆమె భర్త బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్. మూడో తారీఖు సాయంత్రం ఏడూ ఇరవైకి ఊరి బయట రోడ్డు మీద అతని కారు తగలబడుతూ కనిపించింది. లోపల ఒక శవం. ముఖం పోల్చుకునే స్థితి లేదు. నాలుగో తారీఖు పొద్దున ఈ పళ్ళ డాక్టరే తన దగ్గరున్న రికార్డుతో శవం పళ్ళు సరిచూసి, అది తన చిన్ననాటి స్నేహితుడిదే అని సంతకం పెట్టాడు. ఆ సాయంత్రమే అంత్యక్రియలు. ఐదో తారీఖున ఆమె భర్త విచారణకు హాజరు కావలసి ఉంది. పరీక్ష చెయ్యని రక్తానికి చేసినట్టు ముద్ర వేశాడని అభియోగం. ఆ రక్తం ఎక్కించుకున్నవాళ్ళలో ముగ్గురు పోయారు. ముద్దాయే పోయాడు గనక ఫైలు మూసేశారు.

మొన్న ఆమె తారీఖులమ్మ ఆఫీసుకి వచ్చి ఒకే మాట అడిగింది. "ఆయన చేపల్ని రెండో తారీఖున డాక్టరు అన్నయ్యగారికి ఇచ్చేశారు. మూడున పోయారు. చావాలనే అనుకున్నారా? అదొక్కటి చెప్పండి చాలు." గొంతులో ఏడుపు లేదు. బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు అడిగింది.

తారీఖులమ్మ మళ్ళీ డాక్టరు వైపు తిరిగింది. "ఆయనే తెచ్చి పెట్టాడా?"

"వాడే. వ్యానులో తెచ్చాడు. సాయంత్రం ఆరైంది."

"అప్పుడు ఎన్ని చేపలు?"

"ఐదు."

"ఇప్పుడు?"

"కనపడ్డం లేదా? ఐదే."

"తర్వాత మీరేమైనా కొత్తవి తెచ్చి కలిపారా?"

"నాకు వాటి పేర్లే తెలీదు, కొత్తవెక్కడ తేను? వాడి గుర్తుగా పెట్టుకున్నా, అంతే."

"చచ్చిపోయినవి?"

"ఒక్కటి కూడా లేదు." డాక్టరు గోడ గడియారం చూశాడు. వచ్చినప్పటినుంచి అది నాలుగోసారి. "నాలుగింటికి నాకు పనుంది. త్వరగా కానివ్వండి."

తారీఖులమ్మ జవాబులన్నీ రాసి, పుస్తకం అతని చేతికిచ్చింది. "చదివి సంతకం పెట్టండి."

"చేపలకి సంతకమా!"

"నా తృప్తి కోసం."

విసుగ్గా గీకి ఇచ్చాడు. అప్పుడావిడ తలుపు బయట మెట్ల మీద కూర్చున్న ముసలాయన్ని లోపలికి పిలిచింది. బజారులో చేపల షాపు ఆయనది. నలభై ఏళ్ళుగా అదే పని. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, ఎవర్నీ పలకరించకుండా తిన్నగా తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏం పెద్దాయనా, చెప్పవేం?" అందావిడ ఐదు నిమిషాలయ్యాక.

"చూడనివ్వమ్మా. మనుషులైతే మధ్యలో ఏదోటి అంటారు. ఇవి అనవు." ముక్కు గాజుకి ఆనించాడు. "ఆఫ్రికా సిక్లిడ్లు. అక్కడో పెద్ద సరస్సుంది, అందులో రాళ్ళ సందుల్లో బతికే జాతులు. ఈ నీలంవి నాలుగూ కెన్యీలు. ఒంటి మీద నిలువు చారలున్నాయి చూడు. ఆడవి ఇలా నీలంగా ఉంటాయి. మగది ఎదిగితే పసుపుకి తిరుగుతుంది."

"మరి ఆ పసుపుది మగదేనా?"

ముసలాయన జవాబు చెప్పేలోపే గుమ్మంలో బూట్ల చప్పుడైంది. ఇన్స్‌పెక్టరు. కారు కేసు ఫైలు మూసిందీ అతనే. పదిహేనేళ్ళ కిందట తారీఖులమ్మ దగ్గర ఆర్నెల్లు రికార్డులు నేర్చుకున్నాడు. ఆ సంగతి ఆవిడ గుర్తు చెయ్యదు, అతను మర్చిపోడు.

"ఏంటక్కా, చేపల్ని కూడా విచారిస్తున్నావా? డాక్టరు గారు ఫోన్ చేశారు, ఎవరో ఇంట్లో దూరి కదలడం లేదని."

"చెప్పులిప్పి, అడిగి వచ్చాను తమ్ముడూ. నువ్వే బూట్లతో వచ్చావు."

ఇన్స్‌పెక్టరు ముఖం ఎర్రబడింది. వెనక తలుపు గడియ వేసి, కుర్చీలో ఉన్నామెను చూసి గొంతు తగ్గించాడు. "అమ్మా, మీరు ఇంటికెళ్ళండి. ఇవన్నీ మీకెందుకు?"

"ఇంట్లో ఏం చెయ్యను?" అందామె. నిజంగానే అడిగింది.

ముసలాయన ఇదేదీ పట్టించుకోలేదు. మేత డబ్బా తెరిచి చిటికెడు నీళ్ళ మీద చల్లాడు. మూడు నీలం చేపలూ, పసుపుదీ ఎగబడ్డాయి. నాలుగో నీలిది మాత్రం రాతి వెనకనుంచి కదల్లేదు. మేత ముక్క దాని ముక్కు ముందునుంచే జారి ఇసుకలో పడింది. అయినా నోరు తెరవలేదు. దాని దవడ కింద చిన్న సంచీ కట్టినట్టు ఉబ్బి ఉంది.

"దీని నోట్లో పిల్లలున్నాయి," అన్నాడు ముసలాయన.

"నోట్లోనా?" అంది తారీఖులమ్మ.

"వీటి పద్ధతే అంత. ఆడది గుడ్డు పెట్టి నోట్లోకి తీసుకుంటుంది. మగది పక్కనే ఉండి ఆ నోట్లోనే తన బీజం కలుపుతుంది. ఇక పిల్లలు ఈదేదాకా మూడు వారాల పైన తల్లి నోరు తెరవదు, తిండి ముట్టదు."

తారీఖులమ్మ పెన్ను ఆగింది. "ఎన్ని రోజుల పిల్లలో చెప్పగలవా?"

"బయటికి తీస్తే చెప్తా. డాక్టరూ, నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం ఉంటుందిగా మీ దగ్గర, అదోసారివ్వండి."

"ఆ చేపని ముట్టుకోవద్దు!" డాక్టరు అడ్డం వచ్చాడు. అరిచినంత పని చేశాడు.

"పేరే తెలీని చేప మీద అంత ప్రేమేంటి డాక్టరు గారూ?" అందావిడ.

డాక్టరు ఇన్స్‌పెక్టరు వైపు చూశాడు. ఇన్స్‌పెక్టరుకి నవ్వొచ్చింది. "ఇచ్చెయ్యండి సార్. ఈ ముచ్చట కూడా తీరిపోనీ, అక్క వెళ్ళిపోతుంది."

ముసలాయన వలతో చేపను పట్టాడు. చేతులు తడుపుకుని, దాన్ని తల కిందకి ఉండేలా గుప్పిట్లో పట్టి, గిన్నెలోని తొట్టి నీళ్ళలో ముంచి, అద్దం కాడతో కింది దవడ మెల్లగా దించాడు. రెండు మూడు సార్లు నీళ్ళలో ఆడించేసరికి నోట్లోంచి పసుపు చుక్కలు గిన్నెలోకి రాలాయి. పదిహేడు. ఒక్కో చుక్కకీ నల్లటి కళ్ళు, సన్నటి తోక. పొట్ట దగ్గర ఇంకా పెద్ద పచ్చసొన సంచి వేలాడుతోంది. ఈదలేక గిన్నె అడుగున కొట్టుకుంటున్నాయి.

ముసలాయన తొట్టిలోని థర్మామీటరు చూశాడు. "ఇరవై ఆరు డిగ్రీలు. ఈ వేడిలో ఈ సైజంటే పన్నెండు రోజులు. అటూ ఇటూ రెండ్రోజులు వేసుకో."

"ఇరవై నాలుగు రోజులవి కావు కదా?"

"అప్పటికి సొన సంచి కరిగిపోయి, పిల్లలు బయట తిరుగుతుండేవి."

తారీఖులమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది. "అంటే పన్నెండో తారీఖుకీ పదహారుకీ మధ్య ఈ చేప గుడ్లు పెట్టింది. పక్కన మగ చేప ఉంది."

"ఉంటుంది మరి! ఇదిగో!" ఇన్స్‌పెక్టరు ఫోను తీసి ఏదో వెతికి, బొమ్మ అందరికీ తిప్పి చూపించాడు. "కెన్యీ మగది పసుపు రంగు. తొట్టిలో పసుపుది లేదూ? రెండో తారీఖున వచ్చాయి, పధ్నాలుగున గుడ్లు పెట్టాయి. సంసారమన్నాక పిల్లలు పుడతారు. ఇందులో నేరం ఎక్కడుందక్కా?"

డాక్టరు గట్టిగా ఊపిరి వదిలాడు.

తారీఖులమ్మ ముసలాయన వైపు చూసింది. ఆయన తల్లి చేపను పిల్లలతో సహా తన ప్లాస్టిక్ డబ్బాలో దించి, తీరిగ్గా చేతులు తుడుచుకున్నాడు.

"ఫోను బొమ్మలో చేపకి ఒంటి మీద లేత గోధుమరంగు చారలున్నాయా బాబూ?"

"ఉన్నాయి."

"దీనికి?"

ఇన్స్‌పెక్టరు తొట్టిలోకి వంగాడు. పసుపు చేప ఒంటి మీద ఒక్క చార లేదు. నిమ్మపండులా నున్నగా ఉంది.

"వీపు మీద రెక్క చూడు. అంచు పొడుగునా నల్ల గీత. ఇది కెన్యీ కాదు, ఎల్లో ల్యాబ్. జాతే వేరు. కొత్తగా తొట్టి కొన్నవాళ్ళందరూ ఇక్కడే పప్పులో కాలేస్తారు. సగం మంది నా షాపుకొచ్చి పోట్లాడతారు కూడా."

"జాతి వేరైతే కలవవా?" అన్నాడు ఇన్స్‌పెక్టరు.

"ఇరుకు తొట్టిలో కలుస్తాయి. ఆ మాట కాదన్ను. అందుకే పట్టుకుని చూడాలి." ఆయన పసుపు చేపను పట్టి వెల్లకిలా తిప్పాడు. "పొట్ట కింద రెండు రంధ్రాలున్నాయా? మగదైతే రెండూ ఒకే సైజు. ఇక్కడ ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఇది ఆడది." దాన్ని వదిలి, మిగిలిన మూడు నీలం చేపల్నీ ఒక్కొక్కటే పట్టి చూసి వదిలాడు. "ఇవీ ఆడవే. ఐదుకి ఐదూ. ఈ తొట్టిలో మగ చేప లేదు."

"చచ్చిపోయింది!" అన్నాడు డాక్టరు. "మర్చిపోయాను. ఒకటి... ఇరవయ్యో తారీఖు ప్రాంతంలో చచ్చిపోయింది. పారేశాను."

తారీఖులమ్మ నోటుబుక్కు తెరిచి ఇన్స్‌పెక్టరు చేతిలో పెట్టింది. వచ్చినవి ఐదు. ఉన్నవి ఐదు. కలిపింది లేదు. చచ్చింది లేదు. కింద డాక్టరు సంతకం, తడి ఆరి అరగంటయింది.

ఇన్స్‌పెక్టరు రెండుసార్లు చదివాడు. "సరే, అబద్ధమే చెప్పాడనుకో. చేపల గురించి అబద్ధం చెప్తే ఏ సెక్షను కింద పెట్టమంటావు?"

"చేపల గురించి కాదు తమ్ముడూ, తారీఖు గురించి. పన్నెండో తారీఖు దాటాక కూడా ఈ చేప ఇంకెక్కడో ఉంది, మగదాని పక్కన. ఎవరో మేత వేశారు, నీళ్ళు మార్చారు, వేడి చూసుకున్నారు. ఆ తర్వాతే ఈ తొట్టి ఇక్కడికొచ్చింది. ఈమె భర్త రెండో తారీఖున దీన్ని ఇంట్లోంచి పట్టుకెళ్ళాడు. మూడున చచ్చిపోయాడు. మరి పదమూడున మేత వేసిందెవరు?"

"ఎవరైనా కావచ్చు."

"కావచ్చు. అయితే ఆ ఎవరైనా పేరు చెప్పడానికి డాక్టరు గారికి ఏం అడ్డం? రెండో తారీఖునే నా దగ్గరికొచ్చాయని ఎందుకు పట్టుబడతాడు? ఒక్క మనిషి విషయంలోనే ఆ అబద్ధం అవసరం. మూడో తారీఖు తర్వాత ఏ మనిషి బతికి ఉండకూడదో, ఆ మనిషి విషయంలో."

ఇన్స్‌పెక్టరు నవ్వబోయి ఆగిపోయాడు. "పళ్ళు సరిపోయాయి కదక్కా. రిపోర్టుంది. పళ్ళు..."

మాట అక్కడే తెగిపోయింది. ఆ పళ్ళు సరిచూసిందెవరో అతనికి అప్పుడే గుర్తొచ్చినట్టుంది. మెల్లగా డాక్టరు వైపు తిరిగాడు. మూసిన ఫైలు కింద ఉన్నది తన సంతకం.

"డాక్టరూ," అన్నాడు. ఈసారి గారూ లేదు, సార్ లేదు. "నాలుగో తారీఖు పొద్దున నువ్వు నాకు చూపించిందేంటి?"

డాక్టరు కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. తడబడకుండా, చాలాసార్లు తనలో తాను చెప్పుకున్నవాడిలా మొదలుపెట్టాడు.

"రెండో తారీఖు వాడొచ్చాడు. చేపల్తో కాదు, ఉత్త చేతుల్తో. ఇక్కడే కూర్చుని ఏడ్చాడు. జైలుకెళ్తే బతకనన్నాడు. మార్చురీలో ఎవరూ అడగని శవం ఉంది, దాన్ని కార్లో పెట్టి తగలెడతాను, నువ్వు నేనేనని చెప్పు చాలన్నాడు. ఎలాగూ చచ్చిన మనిషే కదా, ఎవరికి నష్టం అన్నాడు. చిన్నప్పట్నుంచి కలిసి తిరిగాం. సరేనన్నాను."

కుర్చీలో ఆడమనిషి తల తిప్పి అతన్ని చూసింది. చేతిలో గ్లాసు అలాగే ఉంది.

"బతికే ఉన్నారా అన్నయ్యగారూ?"

"ఉన్నాడు చెల్లెమ్మా."

"ఓహో," అంది. అంతే. గ్లాసు కింద పెట్టడానికి చోటు వెతికింది, దొరక్క ఒళ్ళో పెట్టుకుంది. ఇరవై మూడు రోజులుగా ఆమె విధవరాలు. ఆ మాట ఒంటికి పట్టేలోపే ఎవరో వచ్చి కాదన్నారు. కోపం రావాలనో, సంతోషించాలనో తెలుస్తోంది. ఏదీ రావడం లేదు.

తారీఖులమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "మీరడిగిందానికి జవాబు ఇదేనమ్మా. చావాలనుకోలేదు."

"వెళ్ళిపోవాలనుకున్నారు," అందామె.

"తొట్టి ఎప్పుడొచ్చింది?" ఇన్స్‌పెక్టరు డాక్టర్ని గద్దించాడు.

"పద్దెనిమిది. ఎక్కడో గది తీసుకున్నాడు, అక్కడ ఖాళీ చెయ్యాల్సొచ్చిందని తెచ్చి పడేశాడు. మగది మిగతావాటిని చంపేస్తోందని దాన్ని మాత్రం బకెట్లో తనతో తీసుకెళ్ళాడు."

"మార్చురీ శవం అంటున్నావు. మార్చురీ లెక్కలో శవం తగ్గితే నాకు చెప్పరా? నెల రోజులుగా అక్కడ ఒక్క శవం తగ్గలేదు."

డాక్టరు పెదవులు తడుపుకున్నాడు. "నాకు తెలుసు."

"ఎలా తెలుసు?" అంది తారీఖులమ్మ. ఆవిడ గొంతు తగ్గింది. "ఎప్పుడు తెలిసింది?"

"నాలుగో తారీఖు పొద్దున. శవం నోరు తెరిచినప్పుడు." అతను తన కుడిచేతిని చూసుకున్నాడు. "ఒకటో తారీఖున వాడే ఒక మనిషిని నా క్లినిక్‌కి తీసుకొచ్చాడు. మూటలు మోసేవాడట. పన్ను నొప్పితో అల్లాడిపోతున్నాడు, చూడరా అన్నాడు. వాడంత పొడుగే, వాడంత ఒళ్ళే. కింద కుడివైపు దవడ పన్నులో రంధ్రం శుభ్రం చేసి సిమెంటు పెట్టాను. వారం తర్వాత మళ్ళీ రమ్మన్నాను. ఆ మనిషి నాకు దండం పెట్టి వెళ్ళాడు. పళ్ళూ, సిమెంటూ మంటకి అంత తొందరగా పోవు. నాలుగో తారీఖున నేను చూసింది నా చేత్తో నేను పెట్టిన సిమెంటే."

ముసలాయన తన డబ్బా మూత బిగించడం మానేసి అలాగే ఉండిపోయాడు.

"అది తెలిసీ సంతకం పెట్టావు," అన్నాడు ఇన్స్‌పెక్టరు.

"పెట్టాను. చెయ్యి దానంతటదే పెట్టింది."

"బతికున్న మనిషిని చంపి కార్లో కూర్చోబెట్టాడు వాడు. ఇప్పుడెక్కడున్నాడు?"

డాక్టరు గోడ గడియారం చూశాడు. తారీఖులమ్మ కూడా చూసింది. నాలుగుకి రెండు నిమిషాలు. అప్పుడర్థమైంది ఆవిడకి, నాలుగింటికి పని ఏమిటో. తమని పంపించడానికి ఇన్స్‌పెక్టర్ని ఎందుకు పిలిపించాడో.

"ఆ నీలి చేప కోసం ఇక్కడికే వస్తున్నాడు," అన్నాడు డాక్టరు. "పిల్లల్ని బయటికి వదిలిందంటే మిగతావి తినేస్తాయి, ముందే వేరే చోటికి మార్చాలని నిన్న ఫోన్ చేశాడు. మీరు వెళ్ళిపోతారనుకున్నాను. మీరున్నారని చెబ్దామంటే మధ్యాహ్నం నుంచీ వాడి ఫోను..."

బెల్లు మోగింది.

ఇన్స్‌పెక్టరు వేలు పెదవుల మీద పెట్టి, రెండో చేత్తో నడుము దగ్గర తుపాకీ తడుముతూ డాక్టర్ని గోడకి నెట్టాడు. తారీఖులమ్మ తలుపు వైపు తిరిగింది. కాని తలుపు పక్క కుర్చీలో ఉన్న మనిషి అప్పటికే లేచింది. బెల్లు మోగితే తలుపు తియ్యాలి. ఇన్నేళ్ళుగా ఆమె చేస్తున్నదే అది.

"అమ్మా, వద్దు!"

గ్లాసు కింద పడి పగిలింది. గడియ తీసేసింది.

గుమ్మంలో టోపీ పెట్టుకున్న మనిషి. మాసిన గడ్డం. ఎడమ చేతిలో మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్టు. ఎదురుగా ఉన్నదెవరో చూసి ఒక్క క్షణం రాయిలా నిలబడిపోయాడు.

ఆమె అతన్ని పైనుంచి కిందకి చూసింది.

"సన్నబడ్డారు," అంది.

అతని చూపు ఆమె భుజం మీదుగా లోపలికి వెళ్ళింది. ఖాకీ బట్టలు కనిపించాయి. బకెట్టు మెట్ల మీద పడి దొర్లింది. అతని కుడిచెయ్యి ఆమె మణికట్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఇన్స్‌పెక్టరు మూడంగల్లో తలుపు చేరేసరికి అది ముఖం మీదే మూసుకుంది. బయటినుంచి గడియ పడింది.

తారీఖులమ్మ తలుపుకి చెవి ఆనించింది. మెట్లు దిగుతున్న నాలుగు కాళ్ళ చప్పుడు వినపడింది. ఆమె అరుపు కోసం ఆగింది. ఆమె అరవలేదు.